తాళం వేసిన టౌను ఇల్లు, పెద్దమ్మ పెన్షన్: ఏది మేలు?

మా పెద్దమ్మ కావలి దగ్గర పల్లెలో ఉంటుంది. పెదనాన్న పోయాక టౌనులో ఇంటికి తాళం వేసి, పుట్టిన ఊరికి వెళ్లిపోయింది. కొడుకు చెన్నైలో. పెన్షన్‌కి పెట్టుకుంటే సచివాలయంలో "టౌనులో ఇల్లుంది, రాదమ్మా" అన్నారు. "అందులో పావురాలు తప్ప ఎవరున్నార్రా?" అని నా మీద కేకలేసింది.

పావురాలున్నా మనుషులున్నా ఒకటే. మున్సిపాలిటీ పరిధిలో కుటుంబం పేరున వెయ్యి చదరపు అడుగులు మించిన కట్టడం ఉంటే పెన్షన్, బియ్యం కార్డు రావు. మొదట్లో ఈ హద్దు 750 ఉండేది, తర్వాత పెంచారు. పల్లెలో ఇంటికి ఈ కొలత లేదు. పెదనాన్న కట్టింది 1,180.

ఇక దారులు.

అలాగే ఉంచడం. వెయ్యి దాటిన ఇంటికి ఇది అన్నిటికంటే దండగ. పెన్షన్ రాదు, అద్దె రాదు, ఇంటి పన్ను మాత్రం కడుతూ ఉండాలి. అయితే హద్దుకి అటూ ఇటూగా ఉన్నవాళ్లు ముందు మున్సిపాలిటీ రికార్డులో ఎన్ని అడుగులు పడ్డాయో చూసుకోవాలి. 960 అడుగుల ఇల్లు అక్కడ 1,040గా ఎక్కి ఉంటే, కొలతలు మళ్లీ వేయమని అర్జీ పెట్టుకోవడమే మొదటి పని.

కొడుకు పేరున రాసేయడం. ఊళ్లో అందరూ చెప్పే సలహా ఇదే. కొడుకు అదే కార్డులో ఉంటే రాసినా లాభం లేదు, లెక్క కుటుంబానిది కాబట్టి. వేరే కార్డైతే, రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్నులో కూడా పేరు మారితే దారి తెరుచుకోవచ్చు. కానీ నెలకు నాలుగు వేల పెన్షన్ కోసం ఉన్న ఒక్క ఆస్తినీ వదులుకోమని నేనైతే చెప్పను. రాయాల్సే వస్తే, "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ అలాంటి షరతు తప్పినప్పుడు ఆ రాతను రద్దు చేయించుకునే వీలు ఇస్తుంది. నోటిమాట నమ్ముకుంటే తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి.

అమ్మేయడం. ఇల్లు పోతుంది కాబట్టి ఆ అడ్డూ పోతుంది. కానీ ఇరవై లక్షలు ఏడు శాతానికి బ్యాంకులో వేస్తే నెలకు పదకొండు వేల ఆరువందల పైచిలుకు వడ్డీ వస్తుంది. పల్లెలో కుటుంబ ఆదాయానికి హద్దు నెలకు పదివేలు. పైగా అమ్మకం లాభం మీద పన్ను కట్టాల్సి వస్తే, ఆదాయపు పన్ను కట్టే కుటుంబానికి పథకాలు లేవన్న నిబంధన ఒకటుంది.

అద్దెకివ్వడం. పెద్దమ్మకి నేను చెప్పింది ఇదే. ఎలాగూ రాని పెన్షన్ నాలుగు వేలు, అద్దె ఆరున్నర వేలు. ఇంకేం ఆలోచిస్తాం?

అందరికీ ఇదే మాట చెప్పలేను. ఒంగోలులో మాకు తెలిసిన ఒకాయన ఇల్లు 850 అడుగులే, పెన్షన్ వస్తుండేది. కింద వాటా అద్దెకిచ్చాడు, వచ్చినవాళ్లు రెండు ఏసీలు పెట్టారు. మీటరుకి లింకైన ఆధార్ ఈయనది. నెలకు సగటున 300 యూనిట్లు దాటేసరికి పెన్షన్ ఆగిపోయింది. రోహిణి కార్తెలో ఏసీ వేసుకోవద్దని ఎవరికి చెప్తాం? చిన్న ఇల్లున్నవాళ్లు అద్దె ఎంతని అడిగే ముందు ఆ మీటరు ఎవరి ఆధార్‌తో ఉందో చూసుకోవాలి. ఆ అద్దె కూడా ఆదాయమే. పల్లెలో పదివేలు, టౌనులో పన్నెండు వేలు దాటకూడదు.

పెద్దమ్మకి ఈ యూనిట్ల టెన్షన్ లేదు. ఆవిడ బెంగల్లా, అద్దెకొచ్చేవాళ్లు పెరట్లో జామచెట్టు కొట్టేస్తారేమోనని.