కోక్రేన్ లైబ్రరీ: వార్డు నర్సుకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

మందులు, సెలైన్ ఎక్కించడానికి రోగి చేతి రక్తనాళంలో పెట్టిన ఐవీ కాన్యులాను (సన్నని గొట్టాన్ని) 72 గంటలు దాటగానే తీసి మరోచోట పెట్టాలన్న నియమం చాలా వార్డుల్లో ఇప్పటికీ నడుస్తోంది. ఎందుకని అడిగిన విద్యార్థినికి తరచుగా దొరికే జవాబు "ప్రోటోకాల్" అన్న ఒక్క మాటే. అలాంటి ప్రశ్నకు ఆధారం వెతుక్కోవడానికి, వైద్య పరిశోధనల సమీక్షలను ఆన్‌లైన్‌లో అందించే కోక్రేన్ లైబ్రరీ ఎంత ఉపకరిస్తుందో, వైద్యుల కోణం నుంచి కాక నర్సుల కోణం నుంచి పరిశీలించాను.

1993లో బ్రిటన్‌లో మొదలైన కోక్రేన్ సంస్థ, ఒకే ప్రశ్న మీద వేర్వేరు చోట్ల రోగులతో జరిపిన పరీక్షలను (ట్రయల్స్‌ను) వెతికి, వాటి లోపాలను తూచి, కలిపి చూస్తే ఏమి తేలుతుందో ఈ లైబ్రరీలోని సమీక్షల్లో చెబుతుంది. కాన్యులాల మీద 2019లో సవరించిన సమీక్ష 9 పరీక్షలను, 7,412 మంది రోగులను లెక్కలోకి తీసుకుంది. గంటలు లెక్కపెట్టి మార్చినా, వాపు, నొప్పి, అడ్డంకి వంటి లక్షణం కనిపించాకే మార్చినా, ఫ్లెబైటిస్‌లో (రక్తనాళం వాపులో) గానీ కాన్యులా వల్ల రక్తానికి సోకే ఇన్ఫెక్షన్‌లో గానీ స్పష్టమైన తేడా కనబడలేదని తేల్చింది. అయితే గంటల లెక్కన మార్చినవారిలో ద్రవం కణజాలంలోకి దిగడం, కాన్యులా మూసుకుపోవడం బహుశా తక్కువని, అవసరమైనప్పుడే మారిస్తే ఖర్చు బహుశా తగ్గుతుందని కూడా అందులోనే ఉంది. తమ వాదనకు ఎదురు నిలిచే ఫలితాన్నీ దాచకుండా, ప్రతి ఫలితం పక్కనా దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పడమే ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

ఆ సమీక్షను చదివి కాన్యులాను రోజుల తరబడి వదిలేయవచ్చని అర్థం చేసుకుంటే మాత్రం ప్రమాదమే. ప్రతి షిఫ్టు మారేటప్పుడు సూది పెట్టిన చోటును చూడాలని, వాపు గానీ అడ్డంకి గానీ ఉంటే వెంటనే తీసేయాలని కూడా అది చెబుతుంది. ఒక్క నర్సు పదుల సంఖ్యలో రోగులను చూడవలసిన వార్డులో, చార్టులో ఆ పరిశీలనకు గడి కూడా లేని చోట, గంటల నియమాన్ని ఎత్తివేయడం నా దృష్టిలో తొందరపాటు. మన వార్డుకు ఆ ఫలితం వర్తిస్తుందా అన్న ఆలోచనను ఏ లైబ్రరీ మన తరఫున చేయదు.

శస్త్రచికిత్సకు ముందు వెంట్రుకలు తీయడంపై దొరికిన సమాధానం ఇంతకంటే సూటిగా ఉంది: రేజరుతో గీయడం కంటే వెంట్రుకలను అలాగే వదిలేస్తేనే గాయానికి ఇన్ఫెక్షన్ బహుశా తక్కువ. మంచాన పడిన రోగికి ఒత్తిడి పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలన్న ప్రశ్నకు మాత్రం ఆధారాలు బలహీనంగా ఉన్నాయన్నదే సారాంశం. నిజాయితీ గల జవాబే గానీ, ఈ రాత్రి రోగిని ఎప్పుడు తిప్పాలో తేల్చుకోవలసిన నర్సుకు అది సగం సాయమే. అలాంటి చోట రోగి చర్మాన్ని చూసి నిర్ణయించుకోవడమూ, ఇప్పుడున్న పద్ధతిని ఆపకపోవడమూ మేలనుకుంటాను.

వాడటంలో చిక్కులు లేకపోలేదు. "కాన్యులా" అని వెతికితే సరిపోదు, "పెరిఫెరల్ వీనస్ కాథెటర్" వంటి పరిశోధకుల పదాలు తెలిసి ఉండాలి. సారాంశాలు ఉచితమే. పూర్తి సమీక్షలు సాధారణంగా ప్రచురించిన 12 నెలల తరువాత ఉచితంగా దొరుకుతాయి, సరికొత్తవాటికి చందా అవసరం కావచ్చు. సామాన్యుల కోసం రాసే సులభ సారాంశాలు చక్కగా ఉంటాయి గానీ, నేను చదివినవేవీ తెలుగులో లేవు. తెలుగు మాధ్యమంలో చదివి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా)లో చేరిన విద్యార్థినికి ఇది చిన్న అడ్డంకి కాదు.

నర్సింగ్ కళాశాలల ట్యూటర్లకు, వార్డు పద్ధతులను తిరగరాసే నర్సింగ్ సూపరింటెండెంట్లకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. డ్యూటీ మధ్యలో తక్షణ నిర్ణయం తీసుకోవలసిన స్టాఫ్ నర్సుకు మాత్రం ఆసుపత్రి సొంత మార్గదర్శకాలో, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సో ఇంతకంటే దగ్గరి దారి.