తాళంకప్పల హాబీ: మూడేళ్లు వాడాక టెన్షన్ రెంచ్ గురించి నా మాట

మా విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపు ఉంది. మూడేళ్ల క్రితం అక్కడ ఒక ఇత్తడి తాళంకప్ప కొన్నాను. తలుపుకు వేయడానికి కాదు, తాళంచెవి లేకుండా తీయడం నేర్చుకోవడానికి. ఇప్పుడు అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి. షాపాయన నన్ను చూస్తే చాలు, "ఏటి బాబూ, మళ్లీ తాళంకప్పేనా? ఇంటికెన్ని తలుపులున్నాయేటి?" అంటాడు. ఈ మూడేళ్లలో తాళం లోపలికి పెట్టి కదిపే సన్నటి పుల్లలు, అంటే పిక్కులు, ఎన్నో మార్చాను. చెయ్యి కుదిరింది మాత్రం టెన్షన్ రెంచ్ పెట్టే చోటు మార్చాకే.

కొత్తవాళ్ల కోసం కాస్త చెబుతాను. ఈ తాళాల్లో తిరిగే భాగాన్ని కోర్ అంటాం. దాని మీద వరసగా నాలుగైదు రంధ్రాలు, ఒక్కోదాంట్లో ఒకదాని మీద ఒకటి రెండు పిన్నులు, పైన స్ప్రింగ్. ప్రతి జంటలో రెండు పిన్నులూ కలిసే చోటు కోర్ అంచుకు సరిగ్గా వస్తే కోర్ తిరుగుతుంది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే. ఎంత మంచి ఫ్యాక్టరీలో చేసినా ఆ రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలో పడవు. అందుకే కోర్‌ను కొంచెం తిప్పి పట్టుకుంటే ముందు ఒక్క పిన్నే బిగుస్తుంది. దాన్ని పిక్కుతో ఎత్తి కూర్చోబెడితే తర్వాత ఇంకొకటి. ఆ తిప్పి పట్టుకునే పని రెంచ్‌ది. అలీగఢ్ నుంచి వచ్చే, లోపల పిన్నులకు బదులు పలకలుండే లివర్ తాళాలకు ఈ సామాను పనికిరాదు, వాటి దారి వేరు.

సెట్‌తో వచ్చిన ఎల్ ఆకారం రెంచ్‌ను తాళంచెవి దూరే గాడిలో కింద, అంటే చెవి పళ్లకు ఎదురువైపు పెట్టి ఎనిమిది నెలలు వాడాను. పెట్టడం తేలిక, జారదు కూడా. కానీ మనకు దొరికే చిన్న తాళాల్లో గాడే ఇరుకు. అందులో రెంచ్ కొంత ఆక్రమిస్తే పిక్కు కదలడానికి చోటుండదు. వెనక పిన్ను ఎత్తబోతే పిక్కు వీపు రెంచ్‌కు తగులుతుంది. తగిలింది పిన్నో రెంచో చేతికి తెలియదు. ఆ ఎనిమిది నెలలూ నా చేతిలో తెరుచుకున్న తాళాలు చాలావరకు అదృష్టం కొద్దీ తెరుచుకున్నవే.

తర్వాత ఒక మెకానిక్ షెడ్‌లో పాత వైపర్ బ్లేడు అడిగి తెచ్చుకున్నాను. రబ్బరు లాగేస్తే లోపల రెండు సన్నటి స్టీలు పట్టీలు ఉంటాయి. ఒకటి ఒక్కసారిగా వంచబోతే పుటుక్కున విరిగింది. రెండోది పటకారుతో నెమ్మదిగా వంచి, కొసను ఆకురాయితో గాడి మందానికి సరిపోయేదాకా అరగదీశాను. దాన్ని పైన, పళ్లవైపు, గాడి మూతి దగ్గరే పెట్టాలి. లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. కింద గాడి మొత్తం పిక్కుకే మిగిలింది. అదే తాళం, అదే పిక్కు. ఆ సాయంత్రం మొదటిసారి ప్రతి పిన్నూ విడివిడిగా తెలిసింది.

అయితే రెండు విషయాలు కచ్చితంగా చూసుకోవాలి. కొస పొడుగైతే మొదటి పిన్నును ఆనుకుంటుంది, ఇక ఆ పిన్ను కదలదు. వంపు దగ్గర పట్టీ తాళం ఒంటికి రాసుకుంటే మీరు పెట్టే బలమంతా ఒంటి మీదే పోతుంది, కోర్‌కు అందదు. నేను ఒక వారమంతా ఈ రెండో తప్పే చేశాను. చివరికి తాళాన్ని లైటు కింద పెట్టి చూస్తే గాడి పక్కన ఇత్తడి మీద తళతళలాడే గీత కనిపించింది. పట్టీని ఆ వైపు కొంచెం అరగదీశాక సరిపోయింది.

ఇక వేలు. నేను బిగపట్టి నొక్కేవాడిని. మా అక్క ఇక్కడి సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది. ఒకరోజు నా పక్కన కూర్చుని చూసి, "మెట్టు మీద తీగను గట్టిగా నొక్కితే స్వరం పెరిగిపోద్దిరా. ఆనించాలంతే" అంది. అప్పటినుంచి చూపుడువేలి కొసను పట్టీ చివర ఆనిస్తున్నాను. కొస దగ్గర ఆనిస్తే తక్కువ బలం చాలు, కోర్‌లో చిన్న కదలిక కూడా వేలికి తెలుస్తుంది. స్పూల్ పిన్నులు, అంటే నడుము సన్నగా ఉండే పిన్నులు ఉన్న తాళంలో ఇది మరీ ముఖ్యం. కోర్ కాస్త తిరిగి ఆగిపోతుంది, తెరుచుకుందేమో అనిపిస్తుంది. ఆ పిన్నును ఎత్తుతుంటే రెంచ్ మీ వేలినే వెనక్కి నెడుతుంది. అప్పుడు వేలు వదులు చేసి దాన్ని వెనక్కి రానివ్వాలి. బిగిస్తే అక్కడే ఆగిపోతారు.

పైన పెట్టడంలో లోపాలు లేకపోలేదు. తాళంకప్పలో కోర్ తిరిగాక లోపలి లాచ్ స్ప్రింగ్ ఎదురు తంతుంది, అక్కడ ఇంకొంచెం బలం కావాలి. కొస వదులుగా ఉంటే సరిగ్గా ఆ చివరి క్షణంలోనే జారి పిన్నులన్నీ కిందికి పడతాయి. ఎన్నిసార్లు ఉసూరుమన్నానో! కొన్ని తాళాల్లో మొదటి పిన్ను మూతికి మరీ దగ్గరగా ఉంటుంది, పైన పట్టీకి చోటే ఉండదు. వాటికి ఇప్పటికీ కిందే పెడతాను.

మన మే నెల చెమటకు పట్టీ జారుతుంది, వానలకు తుప్పు పడుతుంది. వైర్లకు తొడిగే ప్లాస్టిక్ ట్యూబు పిడికి తొడిగాను. పని అయ్యాక కుట్టు మిషన్ నూనె గుడ్డతో తుడిచి పెడతాను. రెండేళ్లు దాటినా కొస వంగిపోలేదు.

వాడుకలో ఉన్న తాళం జోలికి మాత్రం వెళ్లకండి, అది మీదైనా సరే. మొదటి నెలల్లో మా వీధి గేటు తాళం మీద ప్రయత్నిస్తే ఒక పిన్ను ఇరుక్కుని అసలు తాళంచెవే తిరగలేదు. గుడికి వెళ్లొచ్చిన నాయనమ్మ గంటసేపు ఎండలో నిలబడాల్సి వచ్చింది. అప్పటినుంచి నేను కొన్నవే, బల్ల మీద పెట్టినవే తీస్తున్నాను.

ఐదు పిన్నుల తాళం ఒకటి ఇంకా లొంగలేదు. నాలుగో పిన్ను దగ్గర కోర్ వెనక్కి తిరుగుతుంది, నా వేలు వదులయ్యేలోపే మూడోది పడిపోతోంది. దానికోసమే ఇంకాస్త పొడుగు పిడి ఉన్న పట్టీ అరగదీస్తున్నాను.