కాల్క్ టూ ఎక్కడ చదివితే మేలు? ఏపీ క్రెడిటా, యూనివర్సిటీ క్లాసా, సమ్మర్ కమ్యూనిటీ కాలేజీయా?

అమెరికాలో ఇంజనీరింగో కంప్యూటర్ సైన్సో చదవబోయే పిల్లలున్న తెలుగు ఇళ్ళల్లో జూలై వచ్చిందంటే ఇదే పంచాయితీ. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే రాసి కాలేజీ క్రెడిట్ తెచ్చుకునే పరీక్ష) కాల్కులస్ బీసీ స్కోరు చేతికొస్తుంది. ఐదుకు ఐదు వచ్చింది కదా, కాల్క్ టూ (కాలేజీలో కాల్కులస్ రెండో కోర్సు) వదిలేసి నేరుగా కాల్క్ త్రీ తీసుకుంటానని అమ్మాయి అంటుంది. మళ్ళీ ఓసారి యూనివర్సిటీలో చదువు, పునాది గట్టిపడుతుంది, తెలిసిన పాఠాలే కాబట్టి ‘ఏ’ గ్యారంటీ అని నాన్న అంటాడు. అంత ఫీజు అక్కడెందుకు పోయాలి, వచ్చే సమ్మర్‌లో ఇంటి దగ్గరున్న కమ్యూనిటీ కాలేజీలో కానిచ్చేస్తే పోతుంది కదా అని అమ్మ అంటుంది. ముగ్గురి మాటలోనూ కొంత న్యాయం ఉంది.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఆ అమ్మాయికి అనంత శ్రేణులు (ఇన్ఫినిట్ సిరీస్) ఎంత బాగా వచ్చు అన్నది. స్కోరు, ఫీజు, గ్రేడు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే కాల్క్ టూ పేరుకే ఒక కోర్సు, లోపల రెండున్నాయి. మొదటి సగమంతా ఇంటిగ్రేషన్: బై పార్ట్స్, పాక్షిక భిన్నాలు, ట్రిగ్ సబ్‌స్టిట్యూషన్, ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్, తిప్పితే వచ్చే ఆకారాల ఘనపరిమాణాలు. ఇక్కడ లెక్కలు చేస్తూ పోతే చెయ్యి తిరుగుతుంది, చెయ్యి తిరిగితే మార్కులొస్తాయి. రెండో సగం శ్రేణులు: ఏది అభిసరిస్తుంది (అంటే మొత్తం ఒక అంకె దగ్గర ఆగుతుంది), ఏది అభిసరించదు, తేల్చే టెస్టులేమిటి, ఆ తర్వాత పవర్ సిరీస్, టేలర్ సిరీస్. ఇక్కడ ఏ టెస్టు వాడారో, అది ఈ శ్రేణికి ఎందుకు వర్తిస్తుందో మాటల్లో రాయమంటారు. నేను టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) పేపర్లు దిద్దిన రోజుల్లో మొదటి మిడ్‌టర్మ్‌లో తొంభైలు తెచ్చుకున్నవాళ్ళు చివరి మిడ్‌టర్మ్‌లో యాభైలకు పడిపోవడం ప్రతి సెమిస్టర్‌లోనూ చూశాను.

ఒక్క శ్రేణి చూడండి. 1 + 1/2 + 1/3 + 1/4 + … పదాలు చిన్నవవుతూ సున్నా దగ్గరికి పోతున్నాయి కాబట్టి మొత్తం ఎక్కడో ఒకచోట ఆగుతుందని కొత్తగా చూసినవాళ్ళలో చాలామంది రాసేస్తారు. ఆగదు. 1/3, 1/4 కలిపితే 1/2 కన్నా ఎక్కువ. 1/5 నుంచి 1/8 దాకా నాలుగూ కలిపితే మళ్ళీ 1/2 కన్నా ఎక్కువ. ఆ తర్వాతి ఎనిమిదీ అంతే, ఆ తర్వాతి పదహారూ అంతే. అరలు అలా చేరుతూనే ఉంటే మొత్తానికి హద్దెక్కడ? తమాషా ఏమిటంటే పది లక్షల పదాలు కూడినా వచ్చేది 14.39 మాత్రమే, కాబట్టి క్యాలిక్యులేటర్‌లో చూసినవాళ్ళకు ఆగిపోయినట్టే కనిపిస్తుంది. అదే 1 + 1/4 + 1/9 + 1/16 + … మాత్రం నిజంగానే ఆగుతుంది, దాదాపు 1.645 దగ్గర. రెండింట్లోనూ పదాలు సున్నాకే పోతున్నాయి. ఒకటి ఎందుకు ఆగింది, ఇంకొకటి ఎందుకు ఆగలేదు అన్నది సొంత మాటల్లో చెప్పగలిగిన పిల్లకు కాల్క్ టూలో సగం భయం పోయినట్టే. (ఈ అరలు జమచేసే వాదన 14వ శతాబ్దంలో ఫ్రాన్సులో నికోల్ ఒరెమ్ చేశాడు. అదే శతాబ్దంలో కేరళలో పుట్టిన సంగమగ్రామ మాధవుడు π (పై) విలువకు అనంత శ్రేణి కట్టాడు. టేలర్ పేరు చెప్పేటప్పుడు మాధవుణ్ణి కూడా ఓ మాట తలిస్తే బాగుండునని నాకు ఉంటుంది.)

ఏపీ దారిలో వెళ్ళేవాళ్ళ సంగతి ముందు చూద్దాం. బీసీ సిలబస్‌లో శ్రేణులు లేవని కొందరు అనుకుంటారు, అది తప్పు. రేషియో టెస్టు, ఆల్టర్నేటింగ్ సిరీస్, టేలర్ సిరీస్, లగ్రాంజ్ ఎర్రర్ బౌండ్ అన్నీ ఉన్నాయి. ట్రిగ్ సబ్‌స్టిట్యూషన్, షెల్ మెథడ్, రూట్ టెస్టు లాంటివి మాత్రం పరీక్షలో అడగరు. వాటికోసం ఒక సెమిస్టర్ ధారపోయక్కర్లేదు, రెండు మూడు వారాంతాలు కూర్చుంటే వచ్చేస్తాయి. నాకు అనుమానం వేరేచోట. బీసీలో ఐదు రావాలంటే అన్ని టాపిక్స్‌లోనూ గట్టిగా ఉండక్కర్లేదు. మిగతావాటిలో కుమ్మేసి సిరీస్‌లో తడబడినా ఐదు రావచ్చు. స్కోరు రిపోర్టులో ఏబీ సబ్‌స్కోరని విడిగా ఒక అంకె కనిపిస్తుంది, అది ఏబీ (బీసీ కన్నా తక్కువ పాఠాలుండే కాల్కులస్ పరీక్ష) పాఠాలవరకే. సిరీస్‌కు అలాంటి విడి అంకె లేదు. ఆ ఐదు వెనక ఏముందో పిల్లకే తెలియాలి.

పైగా ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి. బీసీలో ఐదు వస్తే ఎంఐటీ తన మొదటి కాల్కులస్ కోర్సు 18.01కి క్రెడిట్ ఇస్తుంది. కాల్‌టెక్ ఏపీకి అసలు క్రెడిటే ఇవ్వదు. యూటీ ఆస్టిన్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) క్రెడిట్‌ను విద్యార్థే క్లెయిమ్ చేసుకోవాలి, కాబట్టి ఓరియెంటేషన్ రోజు హడావిడిలో బటన్ నొక్కేయకుండా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. అక్కడే ఇంకో చిక్కు: 408సీ, 408డీ అని రెండు కోర్సుల దారి, 408కే, 408ఎల్, 408ఎం అని మూడు కోర్సుల దారి రెండూ ఉన్నాయి. 408డీలో శ్రేణులతోపాటు మల్టీవేరియబుల్ కూడా కలిసి ఉంటుంది. అందుకని పక్కింటి అబ్బాయి ఏం చేశాడన్నది మనకు పెద్దగా పనికిరాదు. వదిలేస్తున్న కోర్సు నంబరేమిటి, అందులో ఏముంది అన్నది సిలబస్ తెరిచి చూసుకోవాలి.

చూసుకున్నాక ఒక పని చెయ్యమంటాను. ఆ మ్యాథ్ డిపార్ట్‌మెంట్ పాత ఫైనల్ పేపర్ సంపాదించండి, చాలాచోట్ల వెబ్‌సైట్‌లోనే పెడతారు. ఆగస్టులో ఒక పూట టైం పెట్టుకుని, క్యాలిక్యులేటర్ ముట్టకుండా రాయించండి. సిరీస్ ప్రశ్నల్లో మూడొంతులు కారణాలతో సహా వచ్చాయా, నిశ్చింతగా వదిలేయొచ్చు. నాలుగు క్రెడిట్ల చోటు మిగులుతుంది, లీనియర్ ఆల్జీబ్రా ఒక సెమిస్టర్ ముందే తీసుకోవచ్చు. సిరీస్ ప్రశ్నలు ఖాళీగా ఉంటే మాత్రం ఐదు వచ్చినా వదలొద్దు. కాల్క్ త్రీలో శ్రేణుల అవసరం దాదాపు పడదు. అంతా పార్షియల్ డెరివేటివ్స్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్. అందుకే లోటు ఏడాదిదాకా బయటపడదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో పవర్ సిరీస్ సొల్యూషన్లు, సిగ్నల్స్ క్లాసులో ఫోరియర్ సిరీస్ వచ్చినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పటికి వెనక్కి వెళ్ళే వీలుండదు.

యూనివర్సిటీలో మళ్ళీ చదవడం గురించి నాన్నగారు చెప్పినదాంట్లో పునాది మాట నిజం, ‘ఏ’ గ్యారంటీ అన్నదే ఒప్పుకోను. తెలిసిన పాఠాలని మొదటి ఆరేడు వారాలు క్లాసుకు వెళ్ళరు, హోంవర్క్ చివరి రాత్రి కొట్టేస్తారు. ఆ అలవాటుతోనే సిరీస్‌లో అడుగుపెడతారు. సిరీస్ దాకా వచ్చేసరికి ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళాలన్న ఆలోచన కూడా రాదు. మళ్ళీ చదవాలనుకుంటే మొదటి రోజు నుంచీ కొత్త కోర్సులాగే చదవాలి. ఆ ఓపిక ఉన్న పిల్లకు ఇదే అన్నిటికన్నా మంచి దారి.

ఇండియాలో ఇంటర్ ఎంపీసీ చేసి బ్యాచిలర్స్‌కి నేరుగా వచ్చిన పిల్లల గురించి విడిగా చెప్పాలి. వాళ్ళకు ఏపీ స్కోరుండదు, ఇంటర్ మార్కులకు సాధారణంగా క్రెడిట్ రాదు. ఏ మ్యాథ్ కోర్సులో చేరొచ్చో తేల్చే అలెక్స్ ప్లేస్‌మెంట్ టెస్టు బాగా రాసినా కాల్క్ వన్‌లో కూర్చోడానికి అర్హత వస్తుంది, అంతే. కోర్సు చదవకుండానే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్‌లో కాల్కులస్ పరీక్ష కూడా మొదటి సెమిస్టర్ వరకే. అంటే కాల్క్ టూ వాళ్ళు ఎక్కడో ఒకచోట చదవాల్సిందే. ఇంటర్ మ్యాథ్స్ టూ-బిలో ఇంటిగ్రేషన్ నలిగి వచ్చినవాళ్ళు కాబట్టి మొదటి సగం నల్లేరు మీద నడక. కాకపోతే రూట్ ఆఫ్ ఏ స్క్వేర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ ఇంటిగ్రల్‌కు మనవాళ్ళు ఫార్ములా నోటికి చెప్పేసి ఆన్సర్ రాసేస్తారు. అమెరికాలో ఎక్స్ బదులు ఏ సైన్ థీటా పెట్టి, త్రిభుజం గీసి, అడుగడుగునా చూపించకపోతే మార్కులు కోసేస్తారు. ఆ బాధ నాలుగు హోంవర్కులతో తీరిపోతుంది. అభిసరణ టెస్టులు మాత్రం ఇంటర్‌లో లేవు. ఐలేట్ రూల్‌తో (ఏ ఫంక్షన్‌ను ముందు తీసుకోవాలో చెప్పే గుర్తు) బై పార్ట్స్ మెరుపులా చేసే అబ్బాయి కంపారిజన్ టెస్టు దగ్గర బిక్కమొహం వేస్తాడు. వీళ్ళకు నా సలహా ఒకటే: కోర్సు యూనివర్సిటీలోనే, మామూలు సెమిస్టర్‌లోనే.

ఇక సమ్మర్. ఫీజులో తేడా చాలా ఉంటుంది, దాన్ని కొట్టిపారేయలేం. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీ కాల్క్ టూకి 2414 అని రాష్ట్రమంతా ఒకే నంబరు, స్టేట్ యూనివర్సిటీలు దాన్ని గుర్తుపడతాయి. కాలిఫోర్నియాలో ఏ కోర్సు దేనికి సరిపోతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. చూసుకున్నా సరే, మీ అడ్వైజర్‌కు ముందే ఈమెయిల్ పెట్టి ‘చెల్లుతుంది’ అని రాతలో తీసుకోండి.

అసలు ఇబ్బంది టైంతో. నాలుగు క్రెడిట్ల కోర్సు పదహారు వారాల్లో దాదాపు 64 గంటల క్లాసు. అదే ఐదు వారాల సెషన్‌లో అయితే వారానికి దగ్గరదగ్గర 13 గంటలు. గంట క్లాసుకు ఇంట్లో రెండు గంటలు చదవాలన్న పాత లెక్క వేసుకుంటే మొత్తం 39 గంటలు, అంటే ఫుల్ టైం ఉద్యోగమే. సోమవారం రేషియో టెస్టు, మంగళవారం పవర్ సిరీస్, గురువారం పరీక్ష. ఒక ఆలోచన మెదడులో ఇంకేలోపు ఇంకోటి వచ్చి పడుతుంది. ఇంటర్న్‌షిప్ చేస్తూ, ఇండియా ట్రిప్ మధ్యలో ఇరికిస్తూ చేసే పని కాదిది. పది వారాల సెషన్ దొరికితే, ఆ వేసవిలో మరో పని పెట్టుకోకపోతే నేను సరేనంటాను. ఐదు వారాలదైతే బీసీ చదివి శ్రేణులు ఇప్పటికే ఒకసారి చూసినవాళ్ళకే.

గ్రేడు విషయంలో సమ్మర్‌కు ఒక వెసులుబాటు ఉంది. బయట చదివిన కోర్సుకు చాలా యూనివర్సిటీలు క్రెడిట్ మాత్రమే తీసుకుంటాయి, ఆ గ్రేడు జీపీఏలో కలపవు. ‘బి’ వచ్చినా ఇక్కడ నష్టం లేదు. అయితే పిల్లకు మెడిసిన్ ఆలోచన కూడా ఉంటే, మెడికల్ స్కూల్ అప్లికేషన్లు తీసుకునే ఏఎంకాస్ అనే సర్వీసు ఏ కాలేజీలో చదివిన గ్రేడునైనా లెక్కలోకి తీసుకుంటుందని గుర్తుంచుకోవాలి.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఫాల్, స్ప్రింగ్‌లలో 12 క్రెడిట్లు తగ్గకూడదు. కాల్క్ టూతో కలిపి 13 తీసుకున్నారనుకోండి. సిరీస్ మిడ్‌టర్మ్ పోయింది, డ్రాప్ చేద్దామంటే 9కి పడిపోతారు. డీఎస్‌వో (యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే అధికారి) ముందస్తు అనుమతి లేకుండా అలా చేస్తే స్టేటస్‌కే ఎసరు. అందుకే ఆ సెమిస్టర్‌లో 16 క్రెడిట్లతో మొదలుపెట్టమంటాను, కావాలంటే ఒక తేలిక కోర్సు కలుపుకుని. అందులో ఆన్‌లైన్ కోర్సు ఉంటే 12 లెక్కకు ఒకటే పనికొస్తుంది, అదీ మూడు క్రెడిట్ల వరకే. సమ్మర్ సెలవుల్లో ఈ 12 క్రెడిట్ల నిబంధన మామూలుగా వర్తించదు, అప్పుడు కమ్యూనిటీ కాలేజీలో ఒక్క కోర్సే తీసుకున్నా ఫర్వాలేదు. చేరేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో ఓ మాట చెప్పి వెళ్ళండి.