గేము తెరవగానే ఆగిపోయే కంప్యూటర్: కొనేముందు ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొనబోతున్నవారు, ముఖ్యంగా పిల్లలు గేములు ఆడుకుంటామని అడిగితే కొనిపెడుతున్న తల్లిదండ్రులు, డబ్బు చెల్లించే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి కోసం నిరుడు దసరాకు నెల్లూరులోని ఒక దుకాణంలో 64,000 రూపాయలకు కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు. పైగా ఈ పద్ధతి ఆ ఒక్క దుకాణానిదే అయి ఉంటుందని నేను అనుకోను.

వాట్సాప్‌లో పంపిన కొటేషన్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, పేరున్న కంపెనీ 650 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) అని ఒక్కొక్కటీ విడిగా రాశారు. బిల్లులో మాత్రం ‘కంప్యూటర్ సెట్ - 1’ అని ఒకే పంక్తి ఉంది. జీఎస్టీ నంబరు ఉందా లేదా అని చూసుకున్నానే తప్ప, ఆ ఒక్క పంక్తి వెనుక ఏ వస్తువునైనా మార్చేయవచ్చన్న ఆలోచన నాకు రాలేదు.

చదువు పనికి, సినిమాలకు, వాలరెంట్ వంటి తేలికపాటి ఆటలకు ఏ ఇబ్బందీ లేదు. సైబర్‌పంక్ 2077 తెరిస్తే మాత్రం పది నిమిషాలు తిరగకముందే తెర నల్లబడి, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు ఫ్యాన్లతో సహా అంతా ఆగిపోయి, మళ్లీ తనంతట తానే మొదలయ్యేది. దుకాణానికి తీసుకెళ్తే మొదటిసారి “క్రాక్ గేము అయ్యుంటుంది సార్” అన్నారు. డబ్బు పెట్టి కొన్నదేనని చూపిస్తే విండోస్ పాడైందని 600 రూపాయలు తీసుకుని ఫార్మాట్ చేశారు. నెల తర్వాత మరో 600 తీసుకుని మళ్లీ అదే చేశారు. మార్చి వచ్చేసరికి “నెల్లూరు ఎండలకు ఏ సిస్టమైనా ఇంతే సార్, ఏసీ గదిలో పెట్టుకోండి” అన్నారు. ఇంత జరిగినా వారు ఒక్కసారి కూడా పక్క మూత తీసి లోపల చూడలేదు, నేను కూడా చూడమని అడగలేదు.

ఆ తర్వాత అబ్బాయి, నేను కూర్చుని ఒక్కొక్కటీ పరీక్షించాము. కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ ఆగిన ప్రతిసారీ కెర్నల్ పవర్ 41 అన్న నమోదు ఉంది, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంది. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని 41 చెబుతుంది. కోడ్ 0 అంటే లోపం వచ్చినప్పుడు కనిపించే నీలి తెర వేసి కారణం రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదని అర్థం. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టి వేడి చూస్తే కార్డు 72 డిగ్రీలు, ప్రాసెసర్ 76 డిగ్రీలు దాటలేదు. వాటి గరిష్ఠ పరిమితులు వరుసగా 93, 90 డిగ్రీలు కనుక ఎండ మీద వేసిన నింద నిలవలేదు. చివరికి ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో కార్డు పవర్ లిమిట్‌ను (అది వాడుకోగల కరెంటు హద్దును) 70 శాతానికి తగ్గించి ఆడించగా రెండు గంటలపాటు ఒక్కసారి కూడా ఆగలేదు. గేము అదే, విండోస్ అదే, గదిలో ఉక్కపోత కూడా అదే; తగ్గింది కార్డు లాగే కరెంటు ఒక్కటే.

అప్పుడు మూత తీశాము. లోపల ఉన్నది మేమెన్నడూ పేరు వినని కంపెనీ ఎస్ఎంపీఎస్. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది, కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని ఇరవై రెండేళ్లుగా పదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతున్నవాడిని నేను. 12 ను 16 తో గుణిస్తే 192. మిగిలిన వాట్లన్నీ 5 వోల్టులు, 3.3 వోల్టుల లెక్కలో కలిపి చూపినవి. ఈనాటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం శక్తిని 12 వోల్టుల తీగల నుంచే తీసుకుంటాయి. మా కార్డు ఒక్కటే 170 వాట్లది, ప్రాసెసర్ రేటింగు 65 వాట్లు; ఈ రెండూ కలిస్తేనే 192 దాటిపోతుంది. ఈ కార్డుకు కనీసం 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని దాని చిప్ తయారుచేసే ఎన్విడియానే చెబుతుంది. అంతకన్నా భయం కలిగించిన విషయం మరొకటి ఉంది. ఆ ఎస్ఎంపీఎస్‌కు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్నుల వైరే లేదు. పాత హార్డ్‌డిస్క్ ప్లగ్గుకు ఒక కన్వర్టర్ తగిలించి నెట్టుకొచ్చారు. తెల్లగా ఉండవలసిన ఆ ప్లగ్గు పసుపు తీగ దూరేచోట గోధుమ రంగుకు మాడి, వేలితో తాకితే పెళుసుగా రాలింది.

గేము ఆడుతుండగా తలెత్తే ప్రతి తేడాకూ ఎస్ఎంపీఎస్సే కారణమని అనడం లేదు. గేము మాత్రమే మూతపడి డెస్క్‌టాప్ కనిపిస్తుంటే ముందు గేము ఫైళ్లను సరిచూసి, డీడీయూ అనే ప్రోగ్రాంతో గ్రాఫిక్స్ కార్డు పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేసి, ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించాలి. ఇంటెల్ 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 ప్రాసెసర్లలో కొన్నింటికి లోపం ఉందని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, బయోస్ (మదర్‌బోర్డులో ఉండే ప్రాథమిక ప్రోగ్రాం) అప్‌డేట్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అటువంటి చోట దుకాణదారుని తప్పు పట్టలేము.

చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి 4,600 రూపాయలకు 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తెచ్చి బిగించాము. ఇంట్లో వంటగది త్రాసు మీద పెట్టి చూస్తే పాతది 740 గ్రాములు, కొత్తది కిలోన్నర దాటి తూగింది. అప్పటి నుంచి రెండు నెలలుగా పూర్తి పవర్ లిమిట్‌తో ఆడుతున్నా సిస్టమ్ ఒక్కసారి కూడా ఆగలేదు.

కనుక ప్రతి భాగానికీ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు విడివిడిగా బిల్లులో రాయించండి. ఖాళీ పెట్టెలన్నీ అడిగి తెచ్చుకోండి. దుకాణంలోనే మూత తీయించి 12 వోల్టుల గడిని ఫోటో తీసుకోండి. “అలా రాస్తే రేటు పెరుగుతుంది సార్” అంటే మరో దుకాణం చూసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు; చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు అయితే రుసుము కూడా లేదు.

నేను 1915కు ఫిర్యాదు చేసిన మూడో రోజున దుకాణం వారు ఫోన్ చేసి, పాత ఎస్ఎంపీఎస్ తెచ్చిస్తే మార్చి ఇస్తామన్నారు. అందుకున్నట్టు రాసిస్తేనే ఇస్తానన్నాను, ఆ మాటకు ఇంతవరకు జవాబు లేదు. మాడిన ప్లగ్గుతో సహా అది మా బీరువాలోనే ఉంది.