వీలాక్స్ లాటిన్: తెలుగు విద్యార్థి చేతిలో

లాటిన్ వ్యాకరణాన్ని అక్షరాల దగ్గర నుంచి నేర్చుకోదలచిన వారికి అధ్యాపకులు తరచుగా సూచించే పాఠ్యపుస్తకాలలో ‘వీలాక్స్ లాటిన్’ ఒకటి. ఫ్రెడరిక్ వీలాక్ రచించిన ఈ పుస్తకం 1956లో తొలిసారి వెలువడగా, రిచర్డ్ లఫ్లూర్ సవరించిన ఏడవ కూర్పు 2011లో వచ్చింది. ఇందులోని 40 పాఠాలను నేను గురువు లేకుండా, రోజూ ఉదయం ఒక గంట చొప్పున చదివాను.

ఇంగ్లీషు విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని రాసినది కనుక, పదం చివర మారితే వాక్యంలో దాని పని మారుతుందన్న సంగతిని రెండవ పాఠం ఎంతో ఓపికగా వివరిస్తుంది. డుమువులు, నిన్ నున్ లన్ అని బడిలో వల్లించిన మనకు అంత వివరణ అక్కరలేదు. ‘పువెల్ల పొఏతై రొసమ్ దత్’ అంటే ‘అమ్మాయి కవికి గులాబీని ఇస్తున్నది’ అని అర్థం. ఇక్కడ చివరి మకారం మన ‘ని’ చేసే పనినే చేస్తుంది, ‘ఐ’ మన ‘కి’ వంటిది, క్రియ కూడా మనకు అలవాటైన చోటనే ఉన్నది. అబ్లాటివ్ అనే విభక్తి దగ్గర మాత్రం నిదానించాలి, ఎందుకంటే చేత, వలన, అందు అని మనం వేరువేరుగా చెప్పే అర్థాలను అది ఒక్కటే మోస్తుంది.

దీర్ఘాచ్చుల మీద అడ్డగీతలు ముద్రించడం ఈ పుస్తకంలో నాకు మిక్కిలి నచ్చిన విషయం. ‘రొస’ ప్రథమా విభక్తి, ‘రొసా’ అబ్లాటివ్. ‘వెనిత్’ అంటే వస్తున్నాడు, ‘వేనిత్’ అంటే వచ్చాడు. కంటితో చదివేటప్పుడు ఆ సన్నని గీతను దాటిపోవడం తేలిక కాబట్టి, నేను రూపాలన్నిటినీ తెలుగు లిపిలో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎ, ఏ, ఒ, ఓ లతో సహా లాటిన్ హ్రస్వదీర్ఘాలన్నిటికీ మన లిపిలో విడివిడి అక్షరాలు ఉండడం ఎంత పెద్ద సదుపాయమో అప్పుడు తెలిసింది.

అసలు కష్టం 17వ పాఠంలో ఎదురైంది. ‘నిన్న వచ్చిన కవి’ అని మనం ఒక్క విశేషణంతో ముగించే చోట లాటిన్ క్వీ, క్వై, క్వొద్ అనే సర్వనామాలతో మరొక ఉపవాక్యాన్ని నిర్మిస్తుంది. ఆ సర్వనామం లింగవచనాలను ముందున్న నామవాచకం నుంచి, విభక్తిని తన ఉపవాక్యం నుంచి తీసుకుంటుంది. సూత్రాన్ని పుస్తకం స్పష్టంగానే చెప్పింది కానీ, అభ్యాసానికి ఇచ్చిన వాక్యాలు నాకు చాలలేదు.

ప్రతి పాఠం చివర రోమన్ రచయితల నుంచి తీసుకున్న వాక్యాలు ఉంటాయి, వాటి కోసమే పాఠం త్వరగా ముగించాలనిపించేది. పుస్తకం చివర స్వయంబోధన అభ్యాసాలకు జవాబులు ఇచ్చారు గాని, ఈ వాక్యాలకు ఇవ్వలేదు. అందువల్ల ఒంటరిగా చదివేవారు లాటిన్ తెలిసిన ఒకరి చేత వారానికొకసారి అయినా తమ అనువాదాలను దిద్దించుకోవడం అవసరం.