నాలుగడుగుల సముద్రం: అయిదేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లోని ఉప్పునీటి చేపల తొట్టికి బిగించడానికి ప్లంబరు సంచిలోంచి తీసిన ఇత్తడి గేటు వాల్వు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. "ఇదైతే పదేళ్లు కదలదు సార్, ప్లాస్టిక్‌ది ఎందుకు?" అన్నాడు. వంటింటి కుళాయికైతే అతని మాట నిజమే. ఉప్పునీటిలో మాత్రం ఇత్తడి నుంచి రాగి దిగుతుంది. రాగి లేశమంత చేరినా నత్తలు, రొయ్యలు బతకవు. ఈ సంగతి చెబితే నా వైపూ తొట్టి వైపూ మార్చి మార్చి చూసి, మారుమాట లేకుండా వెళ్లి పీవీసీ వాల్వు తెచ్చాడు. ఈ ట్యాంకు మీద అయిదేళ్లలో పెట్టిన ఖర్చంతటిలో నన్ను ఎక్కువ సుఖపెట్టింది ఆ వాల్వే.

ట్యాంకు వివరాలు చెప్పేస్తాను. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. తొట్టి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 50. రాళ్లు పోను సుమారు 230 లీటర్ల నీరు. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, రెండు రొయ్యలు, కొన్ని నత్తలు. పగడాలు లేవు. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే రక్షిత జీవుల జాబితాలో, ఉన్నాయి కాబట్టి సముద్రం నుంచి తీసిన రాయి జోలికి కూడా పోకుండా సిరామిక్ రాళ్లు పేర్చుకున్నాను. ట్యాంకు కింద బీరువాలో సంపు ఉంది. మన ఇళ్లలో సంపు అంటే గేటు పక్కన నేలలో ఉండేది, ఇక్కడ సంపు అంటే అరలు కట్టిన రెండో గాజు తొట్టి. పై నీరు పైపులోంచి అందులోకి దిగి, స్కిమ్మర్ (గాలి బుడగల నురగతో నీటిలోని మురికిని పైనున్న కప్పులోకి తోసే యంత్రం) ఉన్న అర దాటి, చివరి అరలోని మోటారుతో మళ్లీ పైకి ఎక్కుతుంది.

మొదటి ఏడాది నీరు దిగడానికి ఒక్కటే పైపు. గాలీ నీరూ కలిసి దిగేవి. "హాల్లో ఎవరో రోజంతా పుక్కిలిస్తున్నట్టుంది" అనేది మా అమ్మ. తర్వాత రెండు పైపులు పెట్టించాను. ఒకటి నిండా నీళ్లతో సైఫన్‌లా దిగుతుంది, దాని మీద ఆ గేటు వాల్వు. రెండోది, మొదటిదానికి ఏదైనా అడ్డుపడితే ఆదుకోవడానికి, మామూలుగా ఖాళీ. మొదట బాల్ వాల్వు పెట్టి చూశాను కానీ, వెంట్రుకవాసి తిప్పినా పై నీరు అంగుళం లేచేది. గేటు వాల్వును పావు చుట్టు తిప్పి పది నిమిషాలు ఆగితే మట్టం కుదురుకుంటుంది. ఇప్పుడు చప్పుడు వినాలంటే బీరువా తలుపు తీయాలి.

రెండో నెలలోనే కరెంటు పోయి ఇల్లు తడిసింది. లెక్క చాలా చిన్నది, ముందే వేసుకోకపోవడం నా తప్పు. ఈ తొట్టిలో ఒక్క సెంటీమీటరు నీరంటే 5.4 లీటర్లు. నీటిని పైకి తెచ్చే పైపు మూతి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద ఉంది. మోటారు ఆగగానే అదే పైపు నీటిని వెనక్కి లాగడం మొదలుపెట్టి, మూతి గాలికి తేలేదాకా 54 లీటర్లు దించేసింది. సంపులో ఖాళీ 40 లీటర్లే. నీటిని వెనక్కి రానివ్వని వాల్వు పెట్టుకోమని చాలామంది అంటారు. ఉప్పు, సున్నం పేరుకున్నాక అందులోని రెక్క మూసుకోదు. దాన్ని నమ్మకుండా మూతిని మట్టానికి 2 సెంటీమీటర్ల దాకా పైకి జరిపి, మట్టానికి కాస్త కింద పైపుకు 4 మిల్లీమీటర్ల కన్నం పెట్టాను. నీరు ఆ మాత్రం తగ్గగానే కన్నంలోంచి గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఒకసారి నత్త సరిగ్గా ఆ కన్నం మీదే కాపురం పెట్టింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం టూత్‌పిక్‌తో పొడవడం అలవాటైంది.

మోటారు డబ్బా మీద గంటకు 3000 లీటర్లు అని ఉంది. అది నీటిని ఎత్తుకు ఎక్కించనక్కర లేనప్పటి మాట. మీటరుకు పైగా ఎక్కి, మూడు వంపులు తిరిగాక ఎంత వస్తుందో బకెట్టుతో కొలిచాను. 20 లీటర్లు నిండడానికి 48 సెకన్లు పట్టింది, అంటే గంటకు 1500. నాకు అది చాలు. తొమ్మిది నెలలు పట్టించుకోకపోతే 70 సెకన్లయింది. మోటారు విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో గంటసేపు నానబెడితే తెల్లటి పెచ్చులు ఊడిపోయి మళ్లీ 49కి వచ్చింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి బకెట్టు తీస్తాను.

రెండో ఏడాది నా జేబును, ఓపికను తినేసింది నైట్రేటు, అంటే నీటిలో మురికి కుళ్లగా చివరికి మిగిలేది. ఎన్ని నీళ్లు మార్చినా లీటరుకు 40 మిల్లీగ్రాముల కంటే తగ్గదు. రాళ్ల వెనుక ఎర్రటి జిగురు పొర. స్కిమ్మర్ చాలడం లేదనుకుని అంతకన్నా పెద్దది కొన్నాను. రెండు వారాలకు అదీ కుదురుకుంది, చిక్కటి డికాక్షన్ లాంటి మురికి తీస్తోంది, అయినా అంకె కదలలేదు. ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పి, చేపల మేత చిటికెడు నలిపి నీటిలో వేసి, పక్కనుంచి టార్చి కొట్టి చూశాను. ముందు వైపు పొడి చక్కగా తిరుగుతోంది. వెనక్కి పోయింది మాత్రం రాళ్ల గోడకూ అద్దానికీ మధ్య నెమ్మదిగా దిగి, సరిగ్గా ఎర్ర పొర ఉన్న చోటే వాలింది. మురికి సంపుదాకా వస్తే కదా స్కిమ్మర్ తీసేది!

మరునాడు రాళ్లన్నీ పీకి రెండు దిబ్బలుగా పేర్చాను, వెనుక అద్దానికి మూడంగుళాలు వదిలాను. తొట్టి లోపల నీటిని తిప్పే చిన్న మోటార్లు, రెండు వేవ్‌మేకర్లు, అప్పటిదాకా చెరో వైపు నుంచి ఎదురెదురుగా తోస్తుండేవి. వాటిని ముందు అద్దం నడిమికి తిప్పితే రెండు ధారలూ అక్కడ ఢీకొని, చెదిరి, రాళ్ల వెనక్కి పోతున్నాయి. మొదటిరోజు వేగం ఎక్కువ పెట్టడంతో ఇసుక లేచి అడుగు అద్దం కనబడింది, క్లౌన్ చేపలు రెండూ మూలకు అతుక్కుపోయాయి. సగానికి తగ్గించాను. మూడు నెలల్లో నైట్రేటు 15కి దిగింది. పెద్ద స్కిమ్మర్ కొనకుండా ఉన్నా అంతే జరిగేదని నా అనుమానం.

వేవ్‌మేకర్ల మన్నిక గురించి ఒక హెచ్చరిక. చవకగా దొరికిన మొదటి జతలో ఒకటి పద్నాలుగో నెలలో ఆగింది. విప్పి చూస్తే లోపలి అయస్కాంతం మీద పూత పగిలి, తుప్పు పట్టి, ఉబ్బి ఇరుక్కుంది. ఆ తుప్పంతా నీటిలోకే పోయి ఉంటుంది. తర్వాత కొన్న డీసీ జత మూడేళ్లుగా నడుస్తోంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద వాటిలో ఒక్కటి నడుపుతాను, పెద్ద మోటారు జోలికి పోను. 10 వాట్లు కూడా లాగదు, నీటి పైతలం కదులుతుంటే చేపలకు ఆక్సిజన్ అందుతుంది.

దిగే నీటికి కట్టే వడపోత సంచి నాకు నచ్చలేదు. 200 మైక్రాన్ల సంచి నాలుగు రోజుల్లో మూసుకుపోయి నీరు అంచు మీదుగా పొర్లుతుంది. వారం వదిలేస్తే చిక్కుకున్న మురికి అందులోనే కుళ్లి నైట్రేటు అవుతుంది. ఉతకడానికి వాషింగ్ మెషీన్ అడిగితే ఇంట్లో ఏమన్నారో ఇక్కడ రాయలేను. ఇప్పుడు వడపోతకు వాడే తెల్లటి దూదిలాంటి మెత్తను ముక్కలుగా కోసి పెట్టి మూడోనాడు పారేస్తున్నాను.

స్కిమ్మర్‌లో కష్టం యంత్రానిది కాదు, మెడది. నురగ పైకెక్కే ఆ గొట్టం లోపల జిడ్డు పట్టిందంటే నురగ మధ్యలోనే కూలిపోతుంది. నాలుగు రోజులకొకసారి తుడవాలి. గాలి పీల్చే సన్న గొట్టంలో ఉప్పు పేరుకుంటుంది, నెలకోసారి వేణ్నీళ్లు పోయాలి. చేతికి సబ్బు నురగ ఉండగా ట్యాంకులో పెట్టారా, ఆ రోజు కప్పు పొంగి పొర్లుతుంది.

వేసవి సంగతి రెండు మాటల్లో. మే నెలలో పైన ఫ్యాను పెడితే నీరు 31 డిగ్రీల నుంచి 28కి దిగుతుంది, బదులుగా రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తరిగిన మేరకు మంచినీరే పోయాలి. మా బోరు నీరు పనికిరాదు, ఆర్వో నీరు వాడుతున్నాను.

మళ్లీ కట్టించుకుంటే ఒక్కటి మారుస్తాను. బీరువాను కనీసం పది సెంటీమీటర్లు ఎత్తు పెంచుతాను. పెద్ద స్కిమ్మర్ కప్పు పై చెక్కకు తగులుతోంది, నిటారుగా బయటికి రాదు, ప్రతిసారీ వంచి తీయాలి. మొన్న వంచుతుంటే కప్పులోని డికాక్షన్ మోచేతిదాకా జారింది. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు, ఆ రాత్రి అన్నం చెంచాతో తిన్నాను.