చిన్న క్లబ్‌లో ఒక గొంతు, ఒక గిటార్: ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

సొంతంగా పాట కట్టుకుని, గిటార్ పట్టుకుని తామే పాడే ఇండీ (పెద్ద సంగీత కంపెనీలతో ముడిపడని) కళాకారుల కచేరీకి వెళ్లేటప్పుడు గాయకుడి పేరు కంటే ముందు హాలు ఎలాంటిదో కనుక్కోవాలి. బ్యాండ్ అయితే ఎంత గోలనైనా తొక్కేసి వినిపిస్తుంది. ఒంటి గొంతుకి ఆ బలం ఉండదు. కౌంటర్ దగ్గర గ్లాసులో ఐసు ముక్క పడ్డ చప్పుడుకే ఒక మాట ఎగిరిపోతుంది. ఈ పాటలకి మాటే ప్రాణం. అది వినపడని చోట ఎంత గొప్ప గాయకుడైనా టికెట్ డబ్బులు దండగే.

కొనేముందు అడగాల్సినవి రెండు: కుర్చీలు వేస్తారా, పాట నడుస్తుండగా బార్ తెరిచే ఉంటుందా. నిలబడి వినే క్లబ్బుల్లో వెనక సగం హాలు తరచూ కబుర్లతోనే నిండిపోతుంది. కుర్చీలు వేసి, మాట్లాడొద్దని ముందే చెప్పే క్లబ్బు దొరికితే కాస్త ఎక్కువ పెట్టైనా అక్కడికే వెళ్లాలి. అమెరికాలోని నాష్‌విల్‌లో 1982లో మొదలైన బ్లూబర్డ్ కేఫ్‌లో పట్టేది దాదాపు 90 మందే. అక్కడి నిశ్శబ్దానికి ఎంతో పేరు. పాట రాసినవాళ్లు గది మధ్యలో ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా పాడే పద్ధతి కూడా అక్కడ ప్రసిద్ధం. అలాంటి కచేరీలో ఏ కుర్చీలో కూర్చున్నా ఎవరో ఒకరి వీపు తప్పదు. ఎవరికోసం వెళ్తున్నారో వాళ్ల ముఖం కనిపించే వైపు తొందరగా పట్టుకోవాలి.

మామూలు వేదికైతే మొదటి వరస మీద మోజు వద్దు. చిన్న క్లబ్బుల్లో స్పీకర్లు సాధారణంగా వేదికకి రెండు పక్కలా ఎత్తున ఉంటాయి. ముందువాళ్ల తల మీదుగా గొంతు వెళ్లిపోతుంది. వాళ్లకి దక్కేది గిటార్ చప్పుడూ, మానిటర్ (గాయకుడు తన పాట తాను వినడానికి పెట్టుకునే స్పీకర్) వెనకనుంచి వచ్చే మొద్దు శబ్దమూ. వెనక గోడకి ఆనుకుంటే బేస్ (లోతైన మంద్ర శబ్దం) పోగుపడి మాట మసకబారుతుంది. మంచి చోటు మిక్సర్ బల్లకి కాస్త ముందు, నడిమధ్య. మిక్సర్ దగ్గరి మనిషి తన చెవికి వినపడేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు.

మొదటి రెండు పాటలకే తీర్పు చెప్పేయొద్దు. సౌండ్ చెక్ జరిగింది ఖాళీ హాల్లో. జనం నిండాక ఒళ్లూ బట్టలూ సన్నని శబ్దాల్ని పీల్చేసుకుని గొంతు మందంగా వినిపిస్తుంది. మంచి ఇంజనీరైతే మూడో పాటకల్లా దారికి తెస్తాడు. మధ్యలో ‘ఊఁ’ అంటూ మొదలై పెరిగే హోరు చాలాసార్లు గిటార్‌దే: స్పీకర్ శబ్దం గిటార్ డొల్ల పెట్టెని కదిలిస్తే, ఆ కదలిక పికప్‌ (గిటార్ శబ్దాన్ని అందుకుని స్పీకర్‌కి పంపే పరికరం) లోంచి మళ్లీ స్పీకర్‌కి చేరుతుంది. గిటార్ రంధ్రంలో ఈ హోరుని ఆపే నల్లటి రబ్బరు బిళ్ల కనిపిస్తే ఆ గాయకుడు దీనికి సిద్ధపడే వచ్చాడన్నమాట. పాటకీ పాటకీ మధ్య శ్రుతి చేసుకోవడం చేతకానితనం కాదు. లైట్ల వేడికి ఉక్కు తీగలు సాగి శ్రుతి దిగుతుంది. పైగా కొందరు పాటని బట్టి తీగల శ్రుతే మార్చేస్తారు. ఆ అర నిమిషం ఓపిక పట్టండి.

గిటార్ కచేరీయే కదా అని ఇయర్‌ప్లగ్స్ మానేయొద్దు. ముందు పాడేది బ్యాండ్ కావచ్చు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు తట్టుకునే చెవికి, 100 దగ్గర 15 నిమిషాలే గడువు. స్పాంజి ప్లగ్స్ సన్నని శబ్దాల్ని ఎక్కువ మింగేసి మాటని మూసేస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్స్ అయితే అన్నిటినీ దాదాపు సమంగా తగ్గిస్తాయి.

టికెట్ మీద ఉండేది చాలాచోట్ల తలుపులు తీసే వేళ. అసలు గాయకుడు వేదికెక్కేసరికి గంటో, ఇంకాస్తో పడుతుంది. ఆఖరి బస్సు లెక్క దీన్ని బట్టే వేసుకోవాలి. దిగే హోటల్ నడిచే దూరంలో ఉండాలి కానీ క్లబ్బు పైన మాత్రం వద్దు. బేస్‌కి గోడ అడ్డం కాదు. అర్ధరాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉంటారో లేదో పొద్దున్నే అడిగి, తాళం ముందే తీసుకోవాలి.

కచేరీ అయ్యాక అమ్మకాల బల్ల దగ్గర చాలాసార్లు గాయకుడే నిలబడి రికార్డులు అమ్ముతాడు. ఎల్‌పీ అట్ట 30 సెంటీమీటర్ల పైనే ఉంటుంది, చిన్న సంచిలో దూరిస్తే మూలలు మడతపడతాయి. అదే కొలతలో గట్టి అట్టముక్క ఒకటి వెంట తెచ్చుకుంటే చాలు.